పేరులోని మందు: తెలుగు ఔషధమొక్కల నామనిర్ణయం – సాహిత్యపరిశోధకుల బాధ్యత

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్యంలోని ఔషధమొక్కలను గురించి వస్తున్న పరిశోధనవ్యాసాలు ఎక్కువగా పేర్లను సేకరించి, వాటికి శాస్త్రీయనామాలను, ఉపయోగాలను జతచేయడంతో ఆగిపోతున్నాయి. మొక్కలోని ఔషధశక్తి ఒక తరం నుండి మరొక తరానికి చేరేది పేరు ద్వారానే. ఆ పేరు ఏ మొక్కదో నిర్ణయించకుండా గుణాన్ని చెప్పడం వల్ల మేలు జరగకపోవడమే కాదు, కీడు కూడా జరగవచ్చు. పాతాళగరుడి, గలిజేరు, తిప్పతీగ, నేల ఉసిరి, సోమిద మొదలైన పేర్లను ఉదాహరణలుగా తీసుకొని, ఈ నిర్ణయంలో తెలుగు పరిశోధకులు చేయవలసిన పని ఏమిటో ఈ వ్యాసం చర్చిస్తుంది. బసవరాజీయం వంటి గ్రంథాల పాఠానికి నేడున్న చట్టబద్ధమైన విలువను కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: ఔషధమొక్కలు, నామనిర్ణయం, వైద్యవాఙ్మయం, పాఠపరిష్కరణ, బసవరాజీయం, సోమిద, సంప్రదాయవిజ్ఞానం.

1. ప్రవేశిక

ప్రబంధాలలోని వనవర్ణనలు మొదలుకొని శతకాలు, జానపదగేయాలు, సామెతలు, పొడుపుకథల వరకు అన్నింటిలోనూ మొక్కల పేర్లను ఏరి వ్యాసాలు రాయడం మన విశ్వవిద్యాలయాలలో స్థిరపడిన పద్ధతి. వాటిలో చాలావాటి నిర్మాణం ఒకటే. ముందు కావ్యంలోని పేరు, పక్కన శాస్త్రీయనామం, ఆ పక్కన ఉపయోగాలు. చివర, నేటి విజ్ఞానం కనుగొన్నదంతా మన పూర్వులకు ముందే తెలుసునన్న వాక్యం. ఈ మూడు గడుల పట్టికలో నడిమి గడి ఎలా నిండిందో చెప్పే వ్యాసాలు మాత్రం అరుదు. కవి వాడిన పేరు ఈ మొక్కదేనని నిర్ణయించినది ఎవరు? ఏ ఆధారంతో? ఏ ప్రాంతపు వాడుకను బట్టి? ఈ ప్రశ్నలు లేకుండా మొదటి గడి నుండి మూడవ గడికి దూకడం వల్ల పట్టిక అందంగా తయారవుతుంది కాని, జ్ఞానం పెరగదు.

మన దేశపు మొక్కలలోని ఔషధశక్తి పట్ల ఈ వ్యాసానికి అవిశ్వాసం లేదు. తక్షశిలలో విద్య ముగించుకొంటున్న జీవకుణ్ణి అతని గురువు, చుట్టూ ఒక యోజనం దూరం తిరిగి మందుకు పనికిరాని దానిని వెదకి తెమ్మన్నాడనీ, అలాంటిదేదీ కనబడలేదని జీవకుడు తిరిగివచ్చాడనీ వినయపిటకంలోని మహావగ్గం చెబుతుంది. ఈ కథను ఔషధమొక్కల వ్యాసాలలో తరచుగా ఉదహరిస్తారు. ప్రతి మొక్కా మందేనని దాని తాత్పర్యంగా చెబుతారు. ఆ కథలో జీవకుడు ఇచ్చినది ఒక పరీక్ష. ప్రతి మొక్క దగ్గరా ఆగి, ఇది ఏది, దేనికి అని తేల్చుకొన్న తరువాతనే అతడు ఆ మాట అనగలిగాడు. మనం ఉదహరించేటప్పుడు జవాబును తీసుకొని, పరీక్షను వదిలేస్తున్నాం.

2. పేరు చెప్పేది, చెప్పనిది

రామాయణం యుద్ధకాండలో జాంబవంతుడు హనుమంతునికి చెప్పిన ఓషధులు నాలుగు: మృతసంజీవని, విశల్యకరణి, సువర్ణకరణి, సంధానకరణి. ఈ నాలుగు పేర్లూ పనిని చెబుతాయి. చనిపోయినవారిని బ్రతికించేది, బాణపుములికిని వెడలించేది, మేనికి రంగు తెచ్చేది, విరిగినదానిని అతికించేది. ఆకు ఎలా ఉంటుందో, పువ్వు ఏ రంగుదో, తీగో చెట్టో ఒక్క పేరూ చెప్పదు. హనుమంతుడు కొండనే పెకలించి తేవలసివచ్చిన ఘట్టాన్ని భక్తితో చదువుతాం. అదే సమయంలో అది నామకరణానికి సంబంధించిన ఒక నిశితమైన పరిశీలన కూడా. పనిని చెప్పే పేరు మొక్కను చూపించలేదు. మూడవ పేరుకు సావర్ణ్యకరణి అనే పాఠం కూడా ఉంది. బంగారు రంగు తేవడం వేరు, పోయిన సహజవర్ణాన్ని తిరిగి తేవడం వేరు. ఒక్క అక్షరభేదంతో చికిత్స లక్ష్యమే మారిపోయింది.

మనుచరిత్రలో సిద్ధుడు ప్రవరుని కాళ్లకు పూసిన లేపం సంగతి ఇంకా విచిత్రం. అది ఏ మొక్క పసరో కథకు అక్కరలేదు, అందుకే కవి దానిని చెప్పలేదు. కథకు కావలసినది దాని శక్తి, మంచునీటికి అది కరిగిపోవడం. ప్రబంధంలోని ఓషధిని గురించి రాసేవారు ఈ భేదాన్ని గుర్తించాలి. కావ్యంలో మొక్క చాలాసార్లు కథకు చేసే పని కోసం ఉంటుంది. అలాంటిచోట శాస్త్రీయనామం వెదకడం అడగని ప్రశ్నకు జవాబు చెప్పడమే.

జనవ్యవహారంలోని తెలుగు పేర్లు దీనికి భిన్నమైన దారిలో నడిచాయి. నేలవేము అన్నప్పుడు అది నేలను అంటిపెట్టుకొని ఉండే చిన్న మొక్క అనీ, వేపవలె చేదనీ తెలుస్తుంది. నేల ఉసిరి అంటే ఉసిరికాయల పోలికలో చిన్న కాయలు ఆకు కింద వరుసగా ఉన్న గడ్డిమొక్క కంటిముందు నిలుస్తుంది. కొడిసెపాల, పాలసుగంధి వంటి పేర్లలోని పాలు తుంచితే కారే పాలకు గుర్తు. ఇవి గుర్తింపు కోసం పుట్టిన పేర్లు. అడవికి వెళ్లి మొక్కను తేవలసినవారు పెట్టుకొన్న పేర్లు. సంస్కృత నిఘంటువులలోని పర్యాయపదాలలో గుణవాచకాలు ఎక్కువ. మొక్కను తెచ్చేవారికీ మందు నూరేవారికీ మధ్య దూరం పెరిగిన సమాజంలో అలాంటి పేర్లు పెరగడం సహజమే అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే. దీనిని నిరూపించాలంటే పర్యాయపదాలన్నింటినీ వర్గీకరించే పెద్ద పని జరగాలి.

గుణవాచకమైన పేరు ఎలా దారి తప్పించగలదో పొడపత్రిని చూస్తే తెలుస్తుంది. దీని ఆకు నమిలి వెంటనే బెల్లం తింటే తీపి తెలియదు. నాలుక మీద జరిగే ఈ పని కారణంగా దానికి మధునాశిని అనే పేరు వచ్చిందనడం సహజమైన అన్వయం. మధు అన్న పదం మధుమేహంలోనూ ఉండటంతో ఆ పేరు చక్కెరవ్యాధిని నాశనం చేసేదిగా అర్థం మార్చుకొంది. రక్తంలోని చక్కెరపై పొడపత్రి ప్రభావాన్ని గురించి పరిశోధనలు జరిగాయి, జరుగుతున్నాయి. అది వేరే విషయం. నాలుక మీది తీపి పోవడం రక్తంలోని చక్కెర తగ్గడానికి ఋజువు కాదు. ఆ వంతెనను కట్టినది ప్రయోగశాల కాదు, ఒక సమాసం. సమాసాన్ని విప్పవలసినవారు తెలుగు, సంస్కృత అధ్యాపకులే కదా!

3. ఒక పేరు – అనేక మొక్కలు

ఒకే పేరుతో రెండు మొక్కలు ఉండటం భాషలో తప్పు కాదు. ప్రతి ఊరూ తన అవసరానికి తగినట్లు పేరు పెట్టుకొంటుంది. పుస్తకం ఆ ఊళ్లన్నింటి పేర్లను ఒకేచోటికి తెచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది.

పాతాళగరుడి అనే పేరును తీసుకొందాం. సంస్కృత నిఘంటువుల సంప్రదాయంలో అది దూసరితీగ, అంటే కాక్యులస్ హిర్సుటస్. దాని ఆకులను నీటిలో పిసికి కాసేపు ఉంచితే నీరు గడ్డకడుతుంది. పల్లెల్లో పిల్లలు దానితో ఆడుకొంటారు. తెలుగులో అదే పాతాళగరుడి, పాతాళగంధి అనే పేర్లు సర్పగంధకు, అంటే రావుల్ఫియా సర్పెంటైనాకు కూడా ఉన్నాయి. ఈ రెండవ మొక్క సామాన్యమైనది కాదు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాని వేరు రక్తపుపోటును తగ్గించడాన్ని, ఉన్మాదంలో పనిచేయడాన్ని గురించి రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రక్తపుపోటు రోగులపై తన అనుభవాన్ని ప్రకటించిన తరువాత లోకం దృష్టి దానిపై పడింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రవేత్తలు ఆ వేరు నుండి రిసర్పిన్‌ను వేరుచేశారు. రక్తపుపోటుకు వాడిన తొలితరం ఆధునిక ఔషధాలలో ఒకటి మన దేశపు వేరు నుండి వచ్చింది. అదే రిసర్పిన్ ఎక్కువ మోతాదులో కొందరిలో తీవ్రమైన మానసిక కుంగుబాటు తెస్తుందన్నదీ వైద్యచరిత్రలో నమోదైంది. ఇప్పుడు ఒక తెలుగు తాళపత్రంలో పాతాళగరుడి వేరు అని ఉంటే, దానిని ఏ మొక్కగా చదవాలి? దూసరితీగగా చదివితే ఒక యోగం, సర్పగంధగా చదివితే పూర్తిగా వేరే యోగం. పక్కనున్న ద్రవ్యాలు, చెప్పిన రోగం, అనుపానం, లేఖకుని ప్రాంతం, ఆ ప్రాంతంలో ఆ మొక్క పెరగడం, పెరగకపోవడం అన్నీ చూసి తేల్చవలసిన విషయం ఇది. పాఠనిర్ణయంలో మనం ఒక ప్రబంధపద్యానికి ఇచ్చే శ్రద్ధ ఇక్కడ పదిరెట్లు అవసరం.

గలిజేరు సంగతి నేటి పాఠకులకు బాగా తెలిసినది. ఇటీవలి సంవత్సరాలలో సామాజికమాధ్యమాలలో తెల్ల గలిజేరు మూత్రపిండాల వ్యాధికి మందని విస్తారంగా ప్రచారమైంది. సంస్కృతంలో పునర్నవ అనే పేరున్న మొక్కలకు తెలుగులో గలిజేరు, అటికమామిడి అనే పేర్లు కలగాపులగంగా వాడుకలో ఉన్నాయి. ఎరుపు భేదాన్ని సాధారణంగా బోర్‌హావియా డిఫ్యూసాగా చెబుతారు. తెలుపు భేదం అన్నప్పుడు కొందరు బోర్‌హావియా ప్రజాతిలోనే మరొక జాతిని, కొందరు దానితో కుటుంబసంబంధం కూడా లేని ట్రయాంథిమా పోర్చులకాస్ట్రమ్‌ను చూపుతారు. తెలుపు, ఎరుపు అనేవి పువ్వుకా, కాండానికా, వేరుకా అన్న విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. మా తరగతిలో ఒకసారి తెల్ల గలిజేరు తెమ్మంటే మూడు వేర్వేరు మొక్కలు వచ్చాయి. ముగ్గురూ తమ ఇంట్లో పెద్దలను అడిగే తెచ్చారు, ముగ్గురిదీ వారి వారి ఊళ్లలో సరైన పేరే. ట్రయాంథిమాలో ఆగ్జలేట్లు అధికంగా ఉంటాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఆగ్జలేట్లు కీడు చేస్తాయి. పునర్నవను గురించి గ్రంథంలో చెప్పిన మేలును చదివి, పొలంగట్టున ఉన్న మరొక గలిజేరును తెచ్చి వండుకొన్న రోగికి జరిగే హానిలో గ్రంథం తప్పు లేదు, మొక్క తప్పు లేదు. ఆ రెంటినీ నిర్లక్ష్యంగా కలిపిన వ్యాసానికి మాత్రం వాటా ఉంది.

తిప్పతీగ విషయంలో ఈ వివాదం బహిరంగంగానే నడిచింది. కోవిడ్ కాలంలో రోగనిరోధకశక్తి పెరుగుతుందని దేశమంతటా తిప్పతీగ కషాయం తాగారు. 2021లో ముంబయి వైద్యులు ఆరుగురు రోగులలో తిప్పతీగ వాడకం తరువాత కాలేయం దెబ్బతిన్నదని ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దానిని ఖండిస్తూ, వాడిన మొక్క టినోస్పోరా కార్డిఫోలియా అవునో కాదో నిర్ధారించలేదనీ, దాని పోలికలో ఉండే టినోస్పోరా క్రిస్పా వంటి జాతులు హాని చేయవచ్చుననీ పేర్కొంది. సరైన జాతినే వాడినా కొందరిలో, ముఖ్యంగా స్వయంప్రతిరక్షక ధోరణి ఉన్నవారిలో, కాలేయానికి హాని కలగవచ్చునన్నది వైద్యుల వాదన. ఇందులో ఎవరి పక్షం నిలుస్తుందో తేల్చడం మన పరిధిలోనిది కాదు. ఒక జాతీయస్థాయి వైద్యవివాదం మొదటి మెట్టులోనే ఇది ఏ మొక్క అనే ప్రశ్న దగ్గర ఆగిందన్నది మాత్రం గమనించాలి. రెండు తీగలనూ పక్కపక్కన పెడితే క్రిస్పా కాండం మీద బుడిపెలు స్పష్టంగా కనిపిస్తాయి. కషాయంలో అవి కనిపించవు.

సరస్వతి ఆకు, బ్రాహ్మి కూడా ఇలాంటి జంటే. తెలుగువారి సరస్వతి ఆకు సెంటెల్లా ఏషియాటికా. కేరళ వైద్యంలో బ్రాహ్మి బకోపా మొన్నియెరి. ఉత్తరాదిలో కొన్నిచోట్ల సెంటెల్లానే బ్రాహ్మి అంటారు. మూడు ప్రాంతాల పుస్తకాలను చూసి ఒకే శీర్షిక కింద గుణాలు కలిపి రాసిన వ్యాసంలో ఏ గుణం ఏ ఆకుదో విడదీయడం అసాధ్యం.

శాస్త్రీయనామం వేస్తే చిక్కు తీరిపోతుందనుకోవడమూ సరికాదు. నేల ఉసిరిని చాలాకాలం ఫిల్లాంథస్ నిరూరి అన్నారు. ఆ పేరు అసలు అమెరికా ఖండపు జాతిదనీ, మన పొలాలలోనివి అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ మొదలైన వేర్వేరు జాతులనీ తరువాత తేలింది. 1988లో మద్రాసు శాస్త్రవేత్తలు లాన్సెట్ పత్రికలో ఫిల్లాంథస్ అమారస్‌పై ఒక అధ్యయనం ప్రచురించారు. హెపటైటిస్ బి వాహకులలో మందు తీసుకొన్న 37 మందిలో 22 మందికి వైరస్ ఉపరితల యాంటిజెన్ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకొన్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఇది గొప్ప ఆశను రేపింది. థాయ్‌లాండ్‌తో సహా ఇతరచోట్ల చేసిన ప్రయత్నాలలో ఆ ఫలితం తిరిగి రాలేదు. మొక్క పెరిగిన నేల, కోసిన కాలం, జాతిభేదం ఇందుకు కారణాలు కావచ్చునా అనే చర్చ జరిగింది. మన వ్యాసాలలో నేల ఉసిరి పక్కన కామెర్లకు దివ్యౌషధమని రాసేటప్పుడు మొదటి ఫలితాన్ని మాత్రమే చెప్పి రెండవదాన్ని చెప్పకపోవడం పరిశోధనధర్మం కాదు.

మౌనం ఎంత ప్రమాదకరమో ఈశ్వరి వేరు చెబుతుంది. పాముకాటుకు మందుగా దీని ప్రశస్తి పల్లెల్లోనూ, పుస్తకాలలోనూ ఉంది. ఇది అరిస్టోలోకియా ప్రజాతిలోనిది. ఈ ప్రజాతిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను నాశనం చేస్తుందనీ, మూత్రమార్గంలో క్యాన్సరు కలిగిస్తుందనీ నేడు నిర్వివాదంగా తెలుసు. 1990ల ప్రారంభంలో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల గుళికలు తీసుకొన్న స్త్రీలు పలువురు మూత్రపిండాలు పోగొట్టుకొన్నారు. చైనీయ భాషలో ఫాంగ్‌జీ అనే పేరు కలిసిన రెండు మొక్కలలో ఒకదాని బదులు మరొకటి, అరిస్టోలోకియా జాతిది, గుళికలలో చేరింది. నామసామ్యం వల్ల కలిగిన వైద్యవిపత్తుకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. ఈశ్వరి వేరు ఉన్న జానపదవైద్య వ్యాసంలో ఈ ఒక్క వాక్యం చేర్చడానికి స్థలం లేకపోదు.

4. సామర్లకోట సాక్ష్యం

తెలుగు పేర్లు ప్రపంచ వృక్షశాస్త్రంలోకి వెళ్లిన చరిత్రను మన సాహిత్యచరిత్రలు పట్టించుకోలేదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి సామర్లకోటలో ఉండి, 1793లో కలకత్తా వెళ్లేవరకు ఇక్కడి మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతో సహా వర్ణనలు రాశాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై అతని గ్రంథం 1795 – 1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో లండనులో వెలువడింది. తెలుగునేల మొక్కలకు ఇంతటి చిత్రసాక్ష్యం అంతకుముందు లేదు.

అతడు వర్ణించిన వాటిలో సోమిమాను ఒకటి. గోదావరి ప్రాంతపు కొండలలోని ఈ చెట్టు చేదుపట్టను జ్వరాలకు వాడటాన్ని రాక్స్‌బర్గ్ గమనించి, ఖరీదైన సింకోనా పట్టకు ప్రత్యామ్నాయంగా ప్రతిపాదించాడు. జ్వరాన్ని పారద్రోలేదనే అర్థంలో ఫెబ్రిఫ్యూగా అని పేరుపెట్టాడు. ఇక్కడా పనిని చెప్పే పేరే! మలేరియాచికిత్సలో క్వినైన్ స్థానాన్ని సోమిపట్ట ఏనాడూ పొందలేదు. పేరు మాత్రం నిలిచింది. తరువాత ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు జ్యూసియూ ఈ చెట్టును వేరే ప్రజాతిగా విడదీసినప్పుడు తెలుగు పేరు సోమిదనే తీసుకొని సొయ్మిడా అన్నాడు. అదే విధంగా వాల్సూరా అనే ప్రజాతి పేరు తెలుగు వల్సుర నుండి, శేషాచలం కొండలలో పెరిగే షోరియా తుంబుగ్గయా అనే జాతి పేరు తెలుగు తంబుగ్గ నుండి వచ్చాయి. లోకమంతా ఈ చెట్లను తెలుగు మాటలతో పిలుస్తోంది. మన నిఘంటువులను తెరిస్తే ఇలాంటి పదాల దగ్గర వృక్షవిశేషము అనో, ఒకానొక చెట్టు అనో ఉంటుంది. 1852లో బ్రౌన్ తన తెలుగు – ఇంగ్లీషు నిఘంటువులో మొక్కల పేర్ల దగ్గర వృక్షశాస్త్ర నామాలను చూపే ప్రయత్నం చేశాడు. తరువాతి తెలుగు – తెలుగు నిఘంటుకర్తలకు కావ్యప్రయోగం మీద ఉన్న పట్టుదల మొక్క మీద లేకపోయింది. సాహిత్యనిఘంటువుగా అది లోపం కాదనవచ్చు. దానినే ఆధారంగా చేసుకొని ఔషధమొక్కల మీద పరిశోధన చేయడం మాత్రం లోపమే.

రాక్స్‌బర్గ్ గ్రంథానికి శతాబ్దం ముందు, 1678 – 1693 మధ్య, ఆమ్‌స్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా వెలువడిన హోర్టస్ మలబారికస్‌తో దీనిని పోల్చి చూడాలి. వాన్ రీడ్ ఆ గ్రంథంలో మొక్కల పేర్లను మలయాళలిపిలో అచ్చువేయించాడు. సమాచారమిచ్చిన ఈళవ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ పేరును, అతని ప్రమాణపత్రాన్ని గ్రంథంలో చేర్చాడు. అందువల్లనే మూడు శతాబ్దాల తరువాత కె. ఎస్. మణిలాల్ ఆ గ్రంథాన్ని మొదట ఇంగ్లీషులోకి, తరువాత మలయాళంలోకి తేగలిగినప్పుడు, ఆ మొక్కలతోపాటు ఆ వైద్యుణ్ణి కూడా కేరళ తిరిగి పొందింది. సామర్లకోటలో రాక్స్‌బర్గ్‌కు సోమిద అనే మాట చెప్పినవారెవరో మనకు తెలిసే అవకాశం లేదు.

5. గ్రంథపాఠం – శాసనం

బసవరాజీయం తెలుగునాట వైద్యుల ఇళ్లలో తరతరాలుగా నడిచిన గ్రంథం. ఇరవై అయిదు ప్రకరణాలలో రోగలక్షణాలు, చికిత్సాయోగాలు ఉన్న ఈ గ్రంథంలో సంస్కృతం, తెలుగు పక్కపక్కనే నడుస్తాయి. సాహిత్యచరిత్రకారులు దీనిని శాస్త్రవాఙ్మయం అనే శీర్షిక కింద ఒక వాక్యంతో సరిపెట్టారు. కాని భారతప్రభుత్వం అలా సరిపెట్టలేదు. 1940 నాటి ఔషధాలు, సౌందర్యసాధనాల చట్టం మొదటి షెడ్యూలులో ఆయుర్వేద ప్రామాణికగ్రంథాల జాబితా ఉంది. చరకసంహిత, సుశ్రుతసంహితల సరసన అందులో బసవరాజీయం ఉంది, వైద్యచింతామణి ఉంది. ఈ జాబితాలోని గ్రంథాలలో చెప్పిన యోగం ప్రకారం మాత్రమే తయారైన మందును చట్టం ఆయుర్వేద ఔషధంగా నిర్వచిస్తుంది. అంటే ఈ గ్రంథాలలోని ఒక్కొక్క యోగానికి శాసనబలం ఉంది. జాబితాలో గ్రంథం పేరే ఉంది. ఏ ముద్రణ, ఏ ప్రతి, ఏ పాఠం అనే ప్రస్తావన లేదు.

పాఠపరిష్కరణ తెలిసిన వారికి ఇది ఎంత విడ్డూరమో వివరించనక్కరలేదు. చేతిరాతప్రతుల నుండి అచ్చుకు వచ్చేటప్పుడు ద్రవ్యాల పేర్లు మారతాయి, కొలతలు మారతాయి. గురివిందయెత్తు, చిన్నం, తులం, పలం వంటి కొలతల విలువ ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. కొలతకు వాడే గురివిందగింజే విషమన్నది వేరే చమత్కారం. ప్రతి యోగంలోనూ పాఠాంతరం మోతాదును మార్చగలదు. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారంలో, తంజావూరు సరస్వతీమహలులో, తిరుపతిలో, హైదరాబాదులో తెలుగులిపిలోని వైద్యతాళపత్రాలు ఉన్నాయి. ఒక శతకానికి పది ప్రతులు సంప్రదించి పీఠిక రాసే మన పరిశోధకులు ఈ తాళపత్రాల వైపు పోవడానికి జంకుతారు. వైద్యం మాకు తెలియదంటారు. వైద్యులు తాళపత్రం చదవలేమంటారు. ఇద్దరి మధ్యా పత్రం పొడి రాలిపోతోంది.

గ్రంథాన్ని జాగ్రత్తగా చదవడం వల్ల మందు పుట్టిన సందర్భం చైనాలో ఉంది. మలేరియాకు మందు వెదుకుతున్న తూ యూయూ బృందానికి చింగ్‌హావ్ అనే మూలిక నుండి వచ్చిన ఫలితాలు నిలకడగా లేకపోయాయి. నాలుగవ శతాబ్దపు గే హోంగ్ గ్రంథంలో ఆ మూలికను నీటిలో నానబెట్టి పిండి రసం తాగమని ఉన్నదే తప్ప కాచమని లేదన్న విషయం ఆమె దృష్టిని ఆకర్షించింది. వేడి వల్ల గుణం పోతోందేమోనని తక్కువ ఉష్ణోగ్రతలో సారం తీయగా ఆర్టెమిసినిన్ దారి తెరుచుకొంది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మూలికానామం ఏ జాతిదనే నిర్ణయం కూడా ఆ పరిశోధనలో ఒక అంచె. క్రియాపదం ఒకటి లేకపోవడాన్ని గమనించిన చదువు అది. మన వైద్యగ్రంథాలలో నూరి, దంచి, కాచి, ఊరవేసి, పుటం పెట్టి అనే అసమాపకక్రియలను వ్యాకరణం బోధించేవారు ఎంత శ్రద్ధగా చూడగలరో ఎవరూ చూడలేరు.

6. మౌఖికజ్ఞానం – హక్కు

గ్రంథసాక్ష్యానికి అంతర్జాతీయస్థాయిలోనూ విలువ ఉందని పసుపు వ్యవహారం చూపింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయానికి పేటెంటు వచ్చింది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనమండలి సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలతో సహా 32 ఆధారాలు చూపి, 1997లో దానిని రద్దుచేయించింది. తరువాత ఏర్పడిన సంప్రదాయవిజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం సంస్కృతం, హిందీ, అరబ్బీ, పార్శీ, ఉర్దూ, తమిళ గ్రంథాల నుండి యోగాలను సంకలనం చేసింది. తెలుగు మూలభాషగా ఈ వరుసలో వినబడదు.

గ్రంథానికి ఎక్కని జ్ఞానం పరిస్థితి ఇంకా సున్నితమైనది. నల్లమల చెంచులకు, గోదావరి ఏజెన్సీలోని కొండరెడ్లకు, కోయలకు, ఉత్తరాంధ్ర సవరలకు తెలిసిన మొక్కలను గురించి తెలుగుశాఖలలో క్షేత్రపరిశోధనలు జరుగుతున్నాయి. 2002 నాటి జీవవైవిధ్యచట్టం ఇలాంటి జ్ఞానాన్ని వ్యాపారానికి వాడుకొన్నప్పుడు ఆ సమూహాలకు ప్రయోజనంలో వాటా ఉండాలన్నది. 2023లో వచ్చిన సవరణ క్రోడీకృత సంప్రదాయవిజ్ఞానాన్ని ఆ బాధ్యత నుండి మినహాయించింది. క్రోడీకృతమంటే ఏమిటి? పైన చెప్పిన మొదటి షెడ్యూలులోని గ్రంథాల నుండి వచ్చిన విజ్ఞానం. కాబట్టి బసవరాజీయంలో ఉన్న మొక్కను వాడితే వాటా లేదు. చెంచు పెద్ద చెప్పిన మొక్కను వాడితే వాటా ఉంది. రెండూ ఒకే మొక్క అయితే? గ్రంథంలోని పేరును ఆ మొక్కగా నిర్ణయించిన పరిశోధకుడు, తనకు తెలియకుండానే ఒక సమూహం వాటాను చెరిపివేసినవాడు కావచ్చు. తప్పుగా నిర్ణయించినవాడైతే మరీ అన్యాయం. నామనిర్ణయం సాహిత్యపరిశోధకుల సొంత వినోదం కాదనడానికి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

కేరళలో కాణి గిరిజనులు ఆరోగ్యపచ్చ మొక్కను 1987లో అడవిలో శాస్త్రవేత్తలకు చూపారు. దాని నుండి తిరువనంతపురం ఉష్ణమండల వృక్షోద్యానసంస్థ జీవని అనే మందు తయారుచేసి, తయారీహక్కును ఒక ఔషధసంస్థకు ఇచ్చినప్పుడు వచ్చిన సొమ్ములో కాణిలకూ భాగం పెట్టింది. ఆ ఏర్పాటు అమలులో చిక్కులు లేకపోలేదు. అయినా, చెప్పినవారి పేరు, చెప్పిన చోటు, చూపిన మొక్క ముందే నమోదై ఉండటం వల్లనే ఆ మాత్రమైనా సాధ్యమైంది.

మన క్షేత్రపరిశోధనలలో ఆవేదకుల జాబితా సిద్ధాంతగ్రంథం చివర అనుబంధంలో, వయసు, కులం, ఊరు అనే మూడు గడులతో ఉంటుంది. ఏ మొక్కను ఎవరు చెప్పారో ఆ జాబితా చెప్పదు. మొక్క వర్ణన దగ్గరే చెప్పినవారి పేరు వారి అనుమతితో ఉండాలి. వారు పలికిన పేరును మన శిష్టోచ్చారణలోకి సవరించకుండా పలికినట్లే రాయాలి. ఎండబెట్టిన నమూనాను పూతో, కాయతో సహా దగ్గరి వృక్షశాస్త్రశాఖలో దాఖలుచేసి, ఆ సంఖ్యను వ్యాసంలో ఇవ్వాలి. వాడే భాగం, కోసే కాలం, వాడకూడని సందర్భం అడిగి రాయాలి. ఈ చివరిది అడిగేవారు తక్కువ. అడిగితే చెప్పేవారు మాత్రం చాలామందే ఉంటారు. గర్భిణికి వద్దని, పసిపిల్లలకు వద్దని, ఫలానా నెలలో తవ్వవద్దని. వ్యాపారపరంగా విలువైన మొక్క అయితే దొరికే చోటును అచ్చువేయకుండా ఉండటం కూడా పరిశోధకుడు తీసుకోవలసిన నిర్ణయమే. ఒకసారి అచ్చయిన పేరును వెనక్కి తీసుకోలేం. పదేళ్ల తరువాత ఆ మొక్క మీద ఎవరైనా హక్కు కోరినప్పుడు, అది మొదట ఏ గూడెంలో ఎవరి నోట వినబడిందో చెప్పగల కాగితం ఆ వ్యాసం ఒక్కటే కావచ్చు.